ఇంజిన్ మోతంటే ప్రాణమిచ్చేవాళ్ళకు: చెవి గురించి అపోహలు - వాస్తవాలు

"చెవులు అలవాటు పడిపోయాయి మేడం, ఇప్పుడేం ఇబ్బంది లేదు."

చెన్నైలో ఆడియాలజిస్టుగా, అంటే వినికిడి పరీక్షలు చేసే నిపుణురాలిగా, నేను తరచూ వినే మాట ఇది. ఆదివారం తెల్లారకముందే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద పాండిచ్చేరి వైపు బళ్ళు తీసే కుర్రాళ్ళు చెబుతారు. ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో రేసులు చూసొచ్చేవాళ్ళూ, పుదుపేటలో సైలెన్సర్లు బిగించే మెకానిక్కులూ చెబుతారు. మా వృత్తిలో ఇంతకన్నా చేటు చేసే అపోహ నాకు కనబడలేదు. అందుకే మిగతావాటి సంగతి కాస్త ఆగి చూద్దాం.

అపోహ: మోతకు చెవి అలవాటు పడుతుంది.

వాస్తవం: పడదు. మోతను పట్టించుకోవడం మెదడు మానేయొచ్చు, కానీ చెవికి తగిలే దెబ్బ మాత్రం తగ్గదు. ఒక్కో చెవిలో శబ్దాన్ని పసిగట్టే సన్నటి కణాలు, హెయిర్ సెల్స్, సుమారు 15 వేలు ఉంటాయి. పక్షులకు పోయినవి మళ్ళీ పుడతాయి, మనకు పుట్టవు. నిన్నటిదాకా ఇబ్బంది పెట్టిన మోత ఇవాళ ఏమీ అనిపించడం లేదంటే, వినికిడి తగ్గిందేమో చూపించుకోవాలి.

నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక పెద్ద మెకానిక్ గారిని వాళ్ళావిడ బలవంతాన తీసుకొచ్చింది. "నాకేం లేదమ్మా, బుల్లెట్ వీధి చివర ఉండగానే ఏ మోడలో చెప్పేస్తాను" అన్నారాయన. నిజమే, చెప్పగలరు. 350 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజిన్ 3000 ఆర్పీఎం దగ్గర సెకనుకు 25 సార్లే పేలుతుంది. ఆ డుగ్‌డుగ్ అంతా తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న బొంగురు శబ్దం. ఆయన ఆడియోగ్రామ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత వినబడుతుందో చూపే గీత) 1000 హెర్ట్జ్ దాకా చక్కగా ఉంది, కీచు శబ్దాలుండే 4000 దగ్గర లోతుగా గుంత పడింది. మోత వల్ల వచ్చే లోపం సాధారణంగా అక్కడే మొదలవుతుంది. కాసేపాగి ఆయనే మెల్లగా అన్నారు: "ఈ మధ్య ట్యాపెట్ శబ్దం మా కుర్రాడు చెబితేగానీ తెలియట్లేదు." ట్యాపెట్ అంటే ఇంజిన్ వాల్వుల దగ్గర టిక్కుటిక్కుమనే భాగం.

నా బాధంతా ఇదే. ట్యాపెట్ టిక్కు, టర్బో ఈల, పిల్లల మాటల్లో స, ష, త... ముందు పోయేవి ఇవి. ఇంజిన్‌ను ప్రాణంగా చూసుకునేవాళ్ళకు ఇంజిన్ పాటలో సగం వినబడకుండా పోతోంది.

అపోహ: రెండు రోజుల్లో చెవిలో హోరు తగ్గింది, అంటే ఏం కాలేదు.

వాస్తవం: పరీక్షలో అంతా నార్మల్ వచ్చినా హెయిర్ సెల్స్‌కు, నరానికి మధ్య కలయికలు శాశ్వతంగా తెగిపోవచ్చని 2009లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో కుజావా, లిబర్‌మన్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. అలాగని భయంతో నిద్ర మానుకోకండి. రేసు చూసొచ్చి "చెవుడు ఖాయమట కదా మేడం" అని ఏడ్చినంత పని చేసిన సూళ్లూరుపేట అబ్బాయికీ ఇదే చెప్పాను: ఒక్కసారి వచ్చిన హోరు చాలామందికి తగ్గిపోతుంది. కొన్నాళ్ళు ఇయర్‌ఫోన్లు పక్కన పెట్టాలి. రాత్రిపూట ఫ్యాన్ చప్పుడు ఉంటే హోరు మీదకి మనసు పోదు. నెట్‌లో ఎవరో రాసిన పుకార్లు చదివి ఆ పిల్లాడు వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అలా రాసేవాళ్ళ మీద నాకు ఒళ్ళు మండుతుంది.

ఎంత మోతను ఎంతసేపు వినొచ్చో లెక్క తెలియాలంటే, 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు ఎనిమిది గంటలు హద్దు. పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గరికొచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే.

హెల్మెట్ పెట్టుకుంటే చెవికి రక్షణేనా? కాదు. హైవే మీద 100 కిలోమీటర్ల వేగంలో హెల్మెట్ లోపల గాలి హోరే 95 డెసిబెల్స్ దాటుతుంది. సైలెన్సర్ మార్చని బండికీ ఇదే వర్తిస్తుంది. దూది పెట్టుకోవడం దాదాపు వృథా.

మోత ఎక్కువుంటే పవర్ ఎక్కువా? ఫార్ములా వన్‌లో 2013 దాకా వీ8 ఇంజిన్లు 18,000 ఆర్పీఎం దాకా అరిచేవి. 2014లో వచ్చిన 1.6 లీటర్ టర్బో హైబ్రిడ్లు చప్పుడు తగ్గించి, పవర్‌లో వాటిని దాటేశాయి. ఇక దాని గురించి చర్చ అక్కర్లేదు.

ఫోమ్ ప్లగ్ పెట్టుకుంటే మజా పోతుందనేవాళ్ళు సరిగ్గా పెట్టుకుని చూడండి. సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి, లోపలికి తోసి, ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. ఇంజిన్ దరువు గుండెల్లో తెలుస్తూనే ఉంటుంది. నేను రేసుకి వెళ్ళినా ప్లగ్స్ పెట్టుకునే చూస్తాను, ఒళ్ళు పులకరించడం ఏమాత్రం తగ్గలేదు. పిల్లల్ని తీసుకెళ్తే ఇయర్ మఫ్స్ తప్పనిసరి.

మామూలు పీటీఏ (ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ) వినికిడి పరీక్షకు రేసు మర్నాడే రావద్దు, ఒక రోజు ప్రశాంతంగా ఉండి రండి. కానీ ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోయినట్టయితే మాత్రం ఆగొద్దు. అందులో నూనె పోయొద్దు, గులిమి అనుకుని పుల్ల పెట్టి కెలకొద్దు. ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. స్టెరాయిడ్ మందు మొదటి రోజుల్లో పనిచేసినంతగా వారాలు గడిచాక పనిచేయదు.