గేటు నుంచి రన్‌వే దాకా: విమానం బ్రేకుల కథ

మామునూరుకు మళ్లీ విమానం వస్తుందన్న మాట వరంగల్‌లో ఎక్కడ కూర్చున్నా వినిపిస్తోంది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చినప్పటి నుంచి చర్చంతా భూసేకరణ, రన్‌వే పొడవు చుట్టూనే తిరుగుతోంది. విమానం గేటు నుంచి రన్‌వే దాకా నేల మీద నడిచే ఆ కాస్త దూరం, అంటే ట్యాక్సీయింగ్, ఎవరికీ పట్టదు. మెల్లగా పోయేదానికి ప్రమాదమేంటని అనుకుంటాం. బ్రేకుల కష్టాలు అక్కడే మొదలైన సందర్భాలున్నాయి.

నిజాం కాలంలో, 1930లో మామునూరు ఎయిర్‌ఫీల్డ్ కట్టేనాటికి విమానాలకు బ్రేకులు అప్పుడప్పుడే వస్తున్నాయి. అంతకుముందు తోక కింది కర్ర నేలను రాసుకుంటూ పోతే, ఆ రాపిడికే విమానం ఆగేది. బరువు, వేగం పెరిగాక చక్రాలకు బ్రేకులు తప్పలేదు. వాటితోపాటే వేడి సమస్య కూడా వచ్చింది.

కరీంనగర్ గ్రానైట్ లారీ వెనకాల వెళ్లినవాళ్లకు బ్రేకు లైనర్ కాలిన వాసన తెలుసు. విమానంలోనూ అంతే. జెట్ ఇంజన్ ఐడిల్‌లో, అంటే అతి తక్కువ జోరులో ఉన్నా విమానాన్ని ముందుకు తోస్తూనే ఉంటుంది, పైలట్ మాటిమాటికీ బ్రేకు తొక్కాల్సిందే. ఆ వేడి ఒక పట్టాన దిగదు.

1963 సెప్టెంబర్ 4న జ్యూరిక్‌లో దట్టమైన పొగమంచు. స్విస్ఎయిర్ కారవెల్ విమానం ఇంజన్ల జోరుతో మంచును చెదరగొడుతూ, బ్రేకులు పట్టి ఉంచుతూ రన్‌వే మీద కొంత దూరం వెళ్లి వెనక్కి వచ్చింది. ఆ తర్వాతే టేకాఫ్ అయింది. అప్పటికే బ్రేకులు విపరీతంగా కాగి, ఒక చక్రం రిమ్ము పగిలింది. చక్రాలు లోపలికి మడుచుకున్నాక మంటలు లేచాయి. పది నిమిషాల్లోపే విమానం కూలి 80 మంది చనిపోయారు. వాళ్లలో 43 మంది హుమ్లికాన్ అనే ఒక్క పల్లెవాళ్లే. ప్రయోగాత్మక వ్యవసాయం చూసి రావడానికి బయల్దేరిన రైతు కుటుంబాలు. ఊళ్లో ఐదో వంతు మంది ఒక్క పొద్దునే పోయారు. మన పల్లెల్లో పెళ్లి బస్సు బోల్తా పడ్డప్పుడల్లా నాకు ఆ ఊరే గుర్తొస్తుంది.

వేడి ఒక్కటే కాదు, బ్రేకులను పనిచేయించే హైడ్రాలిక్ ప్రెషర్, అంటే గొట్టాల్లోని ద్రవం ఒత్తిడి, పోయినా కష్టమే. 2005 మే నెలలో అమెరికాలోని మినియాపోలిస్‌లో ఒక డీసీ-9 విమానం హైడ్రాలిక్ లోపంతోనే క్షేమంగా దిగింది. గేటుకు వస్తూ కెప్టెన్ ఎడమ ఇంజన్ ఆపేశాడు. మిగిలిన హైడ్రాలిక్ ప్రెషర్ ఆ ఇంజన్ నుంచే వస్తోంది! బ్రేకూ లేదు, స్టీరింగూ లేదు. వెళ్లి మరో విమానాన్ని గుద్దుకుంది. ప్రాణాలు దక్కాయి.

ఇప్పుడు చాలా జెట్లకు కార్బన్ బ్రేకులు వాడుతున్నారు. తేజస్ యుద్ధ విమానానికి ఈ బ్రేకుల డిస్కులను హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ల్యాబ్ ఏఎస్ఎల్ రూపొందించింది. కార్బన్ బ్రేకు ఎన్నిసార్లు తొక్కితే అంత అరుగుతుంది. అందుకే కొంత వేగం పెరగనిచ్చి, ఒకేసారి గట్టిగా తొక్కి వదలమంటారు. చక్రాల్లో ఫ్యూజ్ ప్లగ్గులు కూడా ఉంటాయి. వేడి హద్దు దాటితే అవి కరిగి, టైరు పేలకముందే గాలి దిగిపోతుంది. కాక్‌పిట్‌లో బ్రేకుల టెంపరేచర్ కనిపిస్తుంది. ఎయిర్‌బస్ ఏ320లో అది 300 డిగ్రీలు దాటితే టేకాఫ్ ఆపి, చల్లారేదాకా ఆగాలి.

బ్రేకు పక్కన వేలెడంత పిన్ను ఒకటి ఉంటుంది. బ్రేకు అరిగేకొద్దీ అది లోపలికి పోతుంది. టెక్నీషియన్ టార్చిలైటు పట్టుకుని చక్రం పక్కన గొంతుక్కూర్చుని, అది ఇంకా ఎంత బయటికుందో చూస్తాడు. రేపు మామునూరులో, మే నెల మిట్టమధ్యాహ్నం, విమానం దిగి అరగంటలో మళ్లీ ఎగరాల్సినప్పుడు కూడా అతను అలా కూర్చోవాలి. బ్రేకులు చల్లారలేదని పైలట్ ఆగితే, లోపల కూర్చున్న మనం లేటవుతోందని అరవకూడదు.