వేడి దారిలో ఇరుకు ఎక్కడ?

కంప్యూటర్‌లోకి వెళ్లిన విద్యుత్తంతా చివరికి వేడిగానే బయటికి వస్తుంది. లెక్కలు చేసినా, వీడియోలు కూర్చినా, ఆటలు ఆడించినా ఈ ఖాతాలో తేడా రాదు. 400 వాట్లు తీసుకునే యంత్రం గదికి 400 వాట్ల వేడినిస్తుంది. ఎంత పెద్ద కూలర్ బిగించినా ఆ అంకె దాదాపు అలాగే ఉంటుంది. ఆ వేడిని చిప్ నుంచి గది గాలిలోకి వీలైనంత తక్కువ ఉష్ణోగ్రత తేడాతో దాటించడమే కూలర్ పని. సొంతంగా భాగాలు కొని కంప్యూటర్ కూర్చుకునేవాళ్లు ముందు ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే, ఏ భాగం మీద డబ్బు పెట్టాలో చాలావరకు తేలిపోతుంది.

చిక్కంతా ఆ వేడి పుట్టే చోటు మరీ చిన్నది కావడంలో ఉంది. డెస్క్‌టాప్ ప్రాసెసర్ పైన కనిపించే లోహపు మూత వెడల్పుగానే ఉంటుంది. దాని కింద పని మీదున్న కోర్లు (లెక్కలు చేసే విభాగాలు) ఆక్రమించే సిలికాన్ మాత్రం మహా అయితే ఒకటి రెండు చదరపు సెంటీమీటర్లు. 1500 వాట్ల వంట హాట్‌ప్లేటు 18 సెంటీమీటర్ల వ్యాసంతో ఉంటే, చదరపు సెంటీమీటరుకు పడేది 6 వాట్లే. 120 వాట్లు తాగే ప్రాసెసర్‌లో అదే లెక్క 60 నుంచి 120 దాకా వెళుతుంది. కూలర్ లేకుండా ప్రాసెసర్‌ను నడిపితే కొద్ది సెకన్లలోనే అది తనను తాను ఆపేసుకోవడంలో వింతేమీ లేదు.

చిప్ నుంచి గది దాకా వేడి ప్రయాణించే దారిలో మజిలీలు చాలా ఉన్నాయి: సిలికాన్, లోహపు మూత, థర్మల్ పేస్టు (మూతకూ కూలర్‌కూ మధ్య సందులు పూడ్చే ముద్ద), కూలర్ అడుగు, పైపులు, రేకులు, క్యాబినెట్‌లోని గాలి, గది గాలి. కరెంటు తీగకు నిరోధం ఉన్నట్టే ఈ దారిలో ప్రతి భాగానికీ ఒక ఉష్ణ నిరోధం ఉంది. దాన్ని వాట్లతో గుణిస్తే అక్కడ ఎన్ని డిగ్రీలు ఖర్చవుతాయో తెలుస్తుంది. ఉదాహరణకు గది 30 డిగ్రీలు, చిప్ 80 డిగ్రీలు ఉంటే మధ్యలో 50 డిగ్రీలు ఈ మజిలీలన్నీ పంచుకున్నాయన్నమాట. గది 40కి చేరితే చిప్ కూడా ఇంచుమించు 90కి చేరుతుంది. గాలితో గానీ నీటితో గానీ నడిచే ఏ కూలరూ గది ఉష్ణోగ్రత కన్నా కిందికి తీసుకెళ్లలేదు. కాబట్టి అడగవలసిన ప్రశ్న ఒకటే: ఆ 50 డిగ్రీల్లో పెద్ద వాటా ఎక్కడ పోతోంది?

ముందు కూలరూ మూతా కలిసే చోటు చూద్దాం. కూలర్ అడుగును వేలితో తడిమితే నున్నగా ఉంటుంది. సూక్ష్మదర్శిని కింద అదే తలం నిండా గీతలూ గుంటలూ కనిపిస్తాయి. మూత కూడా అంతే. రెండింటినీ నొక్కిపెడితే లోహం లోహాన్ని తాకేది కొన్ని చోట్లే, మిగిలిన సందులన్నీ గాలివి. ఉష్ణవాహకతను, అంటే ఒక పదార్థం వేడిని ఎంత సులువుగా పోనిస్తుందో ఆ కొలతను, మీటర్-కెల్విన్‌కు వాట్లలో చెబితే రాగిది దాదాపు 400, గాలిది 0.026. తొమ్మిది చదరపు సెంటీమీటర్ల మూత మీద 0.05 మిల్లీమీటర్ల మందంలో గాలి నిండుగా పరచుకుందని ఊహించి లెక్కవేస్తే, 120 వాట్లు దాన్ని దాటడానికి 250 డిగ్రీలకు పైగా తేడా కావాలి. అంతే మందంలో, వాహకత 5 ఉన్న పేస్టు పరిస్తే ఒకటిన్నర డిగ్రీ లోపే సరిపోతుంది. వాస్తవంలో లోహాలు అక్కడక్కడా తాకుతూనే ఉంటాయి కనుక గాలి చేసే నష్టం ఇంతకన్నా తక్కువ. వేడి మూత అంతటా సమంగా రాదు కనుక పేస్టు దగ్గర పోయేది ఇంతకన్నా కొంచెం ఎక్కువ. అయినా ఆ రెండు అంకెల మధ్య దూరం చూస్తే చాలు, పేస్టు ఎందుకో అర్థమవుతుంది.

అదే పేస్టు రాగితో పోలిస్తే ఎనభై రెట్లు నాసి. సందులు పూడ్చడానికి ఎంత కావాలో అంతే ఉండాలి, పొర మందమైతే నష్టమే. మధ్యలో చిన్న చుక్క పెట్టి కూలర్ బిగిస్తే ఒత్తిడే దాన్ని పరుస్తుంది. మరలను మాత్రం ఎదురెదురు మూలల్లో కొద్దికొద్దిగా తిప్పుతూ రావాలి. ఒక మూల ముందే పూర్తిగా బిగిస్తే కూలర్ అటు ఒరిగి, పేస్టు ఒక పక్కకు జారి, రెండో పక్క పొర మందంగా మిగిలిపోతుంది. కొత్త కూలర్ అడుగున అంటించి ఉండే పల్చటి ప్లాస్టిక్ పొరను తీశారో లేదో కూడా ఒకసారి చూసుకోండి. అది మిగిలిపోతే మంచి పేస్టు వాడినా ప్రయోజనం లేదు.

ఆ తర్వాతి మజిలీ నాకు ఈ యంత్రం మొత్తంలోకీ ఎంతో ఇష్టమైనది. కూలర్‌లో వంపు తిరిగి కనిపించే రాగి గొట్టాలను చాలామంది గట్టి కడ్డీలనుకుంటారు. అవి బోలు గొట్టాలు. లోపలి గాలినంతా తీసేసి, కాస్త నీరు పోసి మూసేస్తారు. ఒత్తిడి బాగా తక్కువ కాబట్టి ఆ నీరు 40 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ప్రాసెసర్ వైపు ఆవిరైన నీరు రేకుల వైపు పరుగెత్తి, అక్కడ చల్లబడి మళ్లీ నీరవుతుంది. గొట్టం లోపలి గోడకు అతికించిన రాగి పొడి పొర ఆ నీటిని కేశికా చర్యతో, అంటే దీపపు వత్తి నూనెను పీల్చినట్టు, వెనక్కి లాక్కొస్తుంది. పంపు లేదు, కదిలే భాగం లేదు. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి ఆ ఉష్ణోగ్రతలో దాదాపు 2,400 జౌళ్లు కావాలి. అంటే 120 వాట్లను మోసుకెళ్లడానికి గొట్టాలన్నింటిలో కలిపి సెకనుకు 0.05 గ్రాముల నీరు ఆవిరైతే చాలు. అది ఒక్క నీటి చుక్క! ఈ హీట్ పైపును 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ తయారుచేసి చూపించారు. అప్పటి ఉద్దేశం అంతరిక్ష నౌకల విద్యుత్ వ్యవస్థలు. ఇప్పుడది బల్ల కింద పెట్టెలో పనిచేస్తోంది.

రేకుల దాకా చేరిన వేడిని ఇక గాలి తీసుకెళ్లాలి. నా అభిప్రాయంలో సొంతంగా కూర్చిన కంప్యూటర్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. లెక్క సులువు. 400 వాట్లను, లోపలికి వచ్చిన గాలి 10 డిగ్రీలకు మించి వేడెక్కకుండా బయటికి పంపాలంటే సెకనుకు దాదాపు 33 లీటర్ల గాలి క్యాబినెట్ గుండా సాగాలి. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు చాలావాటి మీద సెకనుకు 25, 30 లీటర్లని రాసి ఉంటుంది గానీ, అది ముందు ఏ అడ్డూ లేనప్పటి అంకె. ఫ్యాన్లకు ఎదురుగా అందమైన అద్దపు పలక, పక్కన వేలెడు సందు ఉన్న క్యాబినెట్‌లో అందులో చాలా భాగం రాదు. ముందువైపు మొత్తం జల్లెడలా చిల్లులున్న క్యాబినెట్ చూడటానికి సాదాగా ఉండవచ్చు, కానీ నేనైతే ఎప్పుడూ దాన్నే ఎంచుకోమంటాను.

వేడిగాలి పైకి పోతుంది కాబట్టి ఫ్యాన్లు ఎలా పెట్టినా పైనుంచి అదే వెళ్లిపోతుందని నమ్మేవాళ్లున్నారు. 45 సెంటీమీటర్ల ఎత్తున్న పెట్టెలో, 10 డిగ్రీల తేడాకు పుట్టే ఆ తేలుడు ఒత్తిడి పాస్కల్‌లో అయిదో వంతు. మామూలు ఫ్యాను పది పాస్కళ్లకు పైగా ఇవ్వగలదు. గాలి ఎటు పోవాలో ఫ్యాన్లే నిర్ణయిస్తాయి. ముందు నుంచి లోపలికి, వెనక నుంచీ పై నుంచీ బయటికి అన్న పాత పద్ధతి ఇప్పటికీ మంచిదే. లోపలికి తెచ్చే గాలి బయటికి పంపేదాని కన్నా కొంచెం ఎక్కువుంటే దుమ్ము వడపోత జాలీల దగ్గరే ఆగుతుంది. వేగం సగానికి తగ్గిస్తే ఫ్యాను శబ్దం సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది, గాలి మాత్రం సగమే తగ్గుతుంది. అందుకే ఒక ఫ్యానును హోరెత్తించడం కన్నా రెండింటిని నెమ్మదిగా తిప్పడం మేలు.

ఇరుకు ఎక్కడుందో తేల్చడానికి పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఒకే భారీ పనిని అరగంట నడిపి ఉష్ణోగ్రతలు రాసుకోండి. తర్వాత క్యాబినెట్ పక్క తలుపు తీసి అదే పని మళ్లీ నడపండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ఎనిమిది, పది డిగ్రీలు దిగితే లోపం గాలి దారిలో ఉంది. కొత్త కూలర్ కొన్నా పెద్దగా లాభం ఉండదు. గ్రాఫిక్స్ కార్డు తన వేడిలో అధిక భాగాన్ని క్యాబినెట్ లోపలే వదులుతుంది, ప్రాసెసర్ కూలర్ ఆ గాలినే పీల్చుకుంటుంది. తలుపు తీసినా ఒకటి రెండు డిగ్రీలే తగ్గితే అప్పుడు పేస్టు, బిగింపు, కూలర్ పరిమాణం చూడాలి. రేకుల మధ్య దుమ్ము పేరుకుందేమో కూడా చూడాలి.

నీటి కూలర్ల గురించి ఒక్క మాట. నీరు వేడిని రేడియేటర్ దాకా చేరుస్తుంది, అక్కడ మళ్లీ గాలి చేతికే అప్పగిస్తుంది. పెద్ద రేడియేటర్‌కు చోటు దొరకడమే దాని అసలు లాభం. బిగించేటప్పుడు పంపు ఆ వలయంలో అన్నిటికన్నా ఎత్తైన చోట ఉండకూడదు, ఉంటే గాలి బుడగలు అక్కడికే చేరతాయి.

అంకెలు చూసి భయపడవలసిన పని కూడా లేదు. ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 వరుసలోని వేగవంతమైన ప్రాసెసర్లు పూర్తి భారం మీద 95 డిగ్రీల దాకా వెళ్లేలా తయారైనవే. ఆ హద్దు తాకగానే చిప్ వోల్టేజిని, వేగాన్ని తనే తగ్గించుకుంటుంది. కాబట్టి అక్కడ కూలర్ మంచిచెడులు ఉష్ణోగ్రత కన్నా ఎక్కువగా వేగంలోనే కనబడతాయి.

ఆఖరి మార్గం వేడిని మొదటే తక్కువ పుట్టించడం. ట్రాన్సిస్టర్లు తెరుచుకుని మూసుకోవడంలో ఖర్చయ్యే శక్తి వోల్టేజి వర్గాన్ని (వోల్టేజిని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి, వేగాన్ని బట్టి పెరుగుతుంది. ట్రాన్సిస్టర్ చిన్నదయ్యే కొద్దీ వోల్టేజి కూడా తగ్గుతుంది కనుక వేడి సాంద్రత పెరగదని 1974లో ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు చూపించారు. 2005 ప్రాంతానికి ఆ వరుస తెగింది. లీకేజీ కరెంటు (ట్రాన్సిస్టర్ మూసి ఉన్నా కారిపోయే కరెంటు) వల్ల వోల్టేజి ఇక మునుపటిలా దిగలేదు. ఇంటెల్ ప్రాసెసర్ పెంటియం 4, 2004లోనే 3.8 గిగాహెర్ట్జ్ చేరితే, ఇరవై ఏళ్ల తర్వాత కూడా మార్కెట్లోని ప్రాసెసర్లు దానికి రెట్టింపు వేగం అందుకోలేదు. వర్గం కాబట్టి ఇక్కడ చిన్న తగ్గింపుకే పెద్ద ఫలితం: అదే వేగంలో వోల్టేజిని 10 శాతం తగ్గిస్తే ఆ శక్తి 19 శాతం తగ్గుతుంది. ప్రతి చిప్పుకూ భద్రంగా ఉండాలని తయారీదారులు వోల్టేజి కాస్త ఎక్కువే ఉంచుతారు, అందువల్ల చాలా చిప్పుల్లో తగ్గించడానికి చోటుంటుంది. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరవగలిగే సెట్టింగుల తెరలో) వోల్టేజిని ఒక్కో చిన్న మెట్టు దించుతూ, ప్రతిసారీ గంటో రెండు గంటలో భారీ పని నడిపి చూడాలి. యంత్రం ఆగిపోయినా, లెక్క తప్పినా అక్కడి నుంచి రెండు మెట్లు వెనక్కి వచ్చి స్థిరపడాలి.