డేటా అనలిటిక్స్ డిగ్రీ: పేపర్ ఎవరిది, వరుస ఏది?

వరంగల్, హనుమకొండ వైపు ఏ డిగ్రీ కాలేజీలోనైనా డేటా అనలిటిక్స్ (పోగైన లెక్కల నుంచి అర్థం రాబట్టే చదువు) కోర్సు పెడదామని కూర్చుంటే, పిల్లలకు ఏం చెప్పాలన్న ప్రశ్న కంటే ముందు వచ్చేది ఆ పేపర్ ఎవరు చెప్పాలన్నదే. స్టాటిస్టిక్స్ సార్ "ఇది మా సబ్జెక్టే కదా" అంటారు. కంప్యూటర్స్ మేడమ్ "ల్యాబ్ మాది, పైథాన్ ప్రోగ్రామింగ్ మాది" అంటారు. కామర్స్ వాళ్లు తమ బీకాంలోనూ అనలిటిక్స్ ఉందని గుర్తు చేస్తారు. వారానికి ఇన్ని పీరియడ్లు చూపించకపోతే పోస్టు నిలబడదన్న భయం అందరికీ ఉంటుంది కాబట్టి ఈ లొల్లిని తేలిగ్గా తీసిపారేయలేం. కాలేజీ భాషలో ఆ పీరియడ్ల లెక్క పేరు వర్క్‌లోడ్. సిలబస్‌లో కనిపించే చాలా వింతలకు మూలం అక్కడే దొరుకుతుంది.

ఈ తగువు మన దగ్గర పుట్టింది కాదు, ఇవాళ్టిదీ కాదు.

మన దేశంలో స్టాటిస్టిక్స్ చాలాకాలం గణితం ఇంట్లో అద్దెకున్న చదువు. 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టిన పి.సి. మహలనోబిస్ అప్పటికి ఫిజిక్స్ ప్రొఫెసర్. కలకత్తా విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్‌కు సొంత పీజీ విభాగం వచ్చింది 1941లో. తెలుగు కుటుంబంలో పుట్టిన సి.ఆర్. రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా వెళ్లి, 1943లో అక్కడ ఎం.ఏ. స్టాటిస్టిక్స్ పూర్తి చేశారు. ఆ తర్వాత రెండేళ్లకు ఆయన రాసిన ఒక్క పరిశోధన వ్యాసంలోని ఫలితాలను డిగ్రీ పిల్లలు ఇప్పటికీ క్రామర్-రావు, రావు-బ్లాక్‌వెల్ అని బట్టీ పడుతున్నారు. మహలనోబిస్ పేరు తెచ్చుకున్నది మాత్రం పొలాల దగ్గర. బెంగాల్‌లో జనపనార ఎంత విస్తీర్ణంలో వేశారో ప్రతి చేనూ కొలవకుండా, కొన్నింటిని ఎంచి కొలిచి లెక్క తేల్చారు. అంటే ఈ శాస్త్రం ముందు డేటా సేకరణగా నడిచింది. మన డిగ్రీ పేపర్లలోకి వచ్చేసరికి నిరూపణలు మిగిలాయి, చేలు జారిపోయాయి.

అమెరికాలోనూ ఇలాంటి అసంతృప్తే ఉండేది. జాన్ టూకీ స్వయంగా గణితజ్ఞుడు. అయినా డేటా విశ్లేషణ అనేది గణిత స్టాటిస్టిక్స్ కంటే పెద్ద పని అని 1962లో వాదించాడు. 2001లో విలియమ్ క్లీవ్‌లాండ్ ఇంకో అడుగు ముందుకేసి, డేటా సైన్స్ అనే పేరుతో ఒక ప్రణాళిక రాశాడు. విశ్వవిద్యాలయ విభాగం తన శక్తిని దేనికి ఎంత పంచాలో అందులో అంకెలతో సహా చెప్పాడు: వేరే రంగాల వాళ్లతో కలిసి అసలు డేటా మీద చేసే పనికి 25 శాతం, మోడళ్లు, పద్ధతులకు 20, సిద్ధాంతానికి 20, కంప్యూటింగ్‌కు 15, బోధనకు 15, పనిముట్లను బేరీజు వేయడానికి 5. మన దగ్గర కోర్సు కరపత్రాలు చూస్తే ఆ అయిదు శాతమే ముందు పేజీ అంతా నిండి ఉంటుంది. టాబ్లో, పవర్ బీఐ, హడూప్ లాంటి సాఫ్ట్‌వేర్లన్నీ లోగోలతో సహా. పెద్ద వాటా దక్కాల్సిన 25 శాతం మాత్రం ఆరో సెమిస్టర్ ప్రాజెక్టుగా చివర్లో వేలాడుతుంది.

ఇక మన సంగతి. 1976లో కాకతీయ యూనివర్సిటీ ఏర్పడ్డాక ఉమ్మడి వరంగల్‌తో పాటు చుట్టుపక్కల జిల్లాల డిగ్రీ కాలేజీలు దాని కిందకు వచ్చాయి. 2008లో శాతవాహన వచ్చాక కరీంనగర్ వైపు కాలేజీలు అటు మారాయి. డిగ్రీ అంటే 'గ్రూపు'. ఎంపీసీ (మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ), బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ), ఆ తర్వాత కంప్యూటర్స్ చేరి ఎంపీసీఎస్, స్టాటిస్టిక్స్‌తో ఎంఎస్‌సీఎస్. మూడు సబ్జెక్టులు, మూడింటికీ సమాన వాటా. ఒక్కో సబ్జెక్టు సిలబస్ యూనివర్సిటీలో దాని బోర్డ్ ఆఫ్ స్టడీస్ అనే కమిటీ చేతిలో ఉంటుంది. పక్క సబ్జెక్టులో ఎప్పుడు ఏం చెబుతున్నారో చూసుకోవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఫిజిక్స్, కెమిస్ట్రీ దాకా అలా నడిచింది కూడా.

2016లో రెండు మార్పులు ఒకేసారి వచ్చాయి. అడ్మిషన్లు దోస్త్ అనే డిగ్రీ ప్రవేశాల పద్ధతి ద్వారా ఆన్‌లైన్‌లోకి వెళ్లాయి. వార్షిక పరీక్షల చోట సీబీసీఎస్ (పేపర్లు ఎంచుకుని క్రెడిట్లు కూడబెట్టే పద్ధతి), దాంతో పాటు సెమిస్టర్లు, క్రెడిట్లు వచ్చాయి. వారానికి గంట పాఠం ఒక క్రెడిట్, రెండు గంటల ప్రాక్టికల్ కూడా ఒక క్రెడిట్. యూజీసీ లెక్కన సెమిస్టర్‌కు 90 పనిదినాలు. దోస్త్ విడతలన్నీ ముగిసి ఆఖరి విద్యార్థి క్లాసులో కూర్చునేసరికి మొదటి సెమిస్టర్‌లో ఆ 90 ఎన్ని మిగులుతాయో లెక్చరర్లను అడగండి. ప్రోగ్రామింగ్ మొదటి పాఠాలు ఆలస్యంగా చేరిన పిల్లలకు అందకపోతే, తర్వాత అయిదు సెమిస్టర్లూ వాళ్లు అక్కడే తడుముకుంటారు.

2020-21లో రాష్ట్ర ఉన్నత విద్యామండలి బీఎస్సీలోకి డేటా సైన్స్‌ను, బీకాంలోకి బిజినెస్ అనలిటిక్స్‌ను తెచ్చింది. దోస్త్ జాబితాలో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, డేటా సైన్స్ కలిసిన గ్రూపు కనిపించింది. ముహూర్తం చూస్తే కోవిడ్ ఏడాది. ల్యాబ్‌లో కూర్చుని నేర్వాల్సిన చదువు ఫోన్ తెర మీద మొదలైంది. 2020 జనవరిలోనే వరంగల్ దగ్గరి మడికొండ ఐటీ పార్కులో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు తెరుచుకున్నాయి. హైదరాబాద్ పోకుండానే ఉద్యోగం వస్తుందన్న ఆశతో తల్లిదండ్రులూ ఈ గ్రూపు గురించి అడగడం మొదలుపెట్టారు.

అసలు కిరికిరి ఇక్కడుంది. కొత్త సబ్జెక్టును పాత గ్రూపు అచ్చులోనే పోశారు. మూడింట ఒక వంతు డేటా సైన్స్, మిగతా రెండు వంతులు ఎప్పటి మ్యాథ్స్, ఎప్పటి స్టాటిస్టిక్స్. వాటి వరుస వేరే అవసరాల కోసం అమర్చింది. సీబీసీఎస్ బీఎస్సీ మ్యాథ్స్ చూడండి: మొదటి సెమిస్టర్ కాలిక్యులస్, రెండోది అవకలన సమీకరణాలు, మూడోది రియల్ అనాలిసిస్, నాలుగోది ఆల్జీబ్రా, అయిదోది లీనియర్ ఆల్జీబ్రా. ఎమ్మెస్సీకి పోయే పిల్లలకు ఇది మంచి మెట్ల వరుసే. కానీ మెషీన్ లెర్నింగ్‌లో (డేటా నుంచి కంప్యూటర్ తానే నేర్చుకునేలా చేసే చదువు) మొదటి పాఠం నుంచీ డేటా అంతా మాత్రికగానే, అంటే అంకెల పట్టికగానే కనిపిస్తుంది. నాలుగో సెమిస్టర్‌లో మెషీన్ లెర్నింగ్ పెట్టిన కాలేజీ పిల్లలు ఇంటర్‌లో నేర్చిన మాత్రికలతోనే బండి లాగాలి. మాత్రికలను లోతుగా చెప్పే లీనియర్ ఆల్జీబ్రా వాళ్లకు అవసరం తీరాక అందుతుంది. స్టాటిస్టిక్స్‌లోనూ పరికల్పన పరీక్షలు (ఒక ఊహను డేటా సమర్థిస్తుందా అని తేల్చేవి) నాలుగో సెమిస్టర్‌కు గానీ రావు. మోడల్ ఇచ్చిన జవాబును నమ్మాలో వద్దో తేల్చే చదువు, మోడల్ కట్టే చదువు కంటే ముందు ఉండాలి కదా.

పోలికకు ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ కోర్సు ఉంది. 2020 జూన్ 30న ప్రకటించి, 2021 జనవరిలో క్లాసులు మొదలుపెట్టారు. ఫౌండేషన్ స్థాయిలో ఎనిమిది పేపర్లు: గణితం రెండు, స్టాటిస్టిక్స్ రెండు, ఇంగ్లిష్ రెండు, కంప్యూటేషనల్ థింకింగ్ ఒకటి, పైథాన్ ఒకటి. కంప్యూటేషనల్ థింకింగ్‌లో మొదట కోడ్ ఉండదు. కార్డుల మీద రాసిన మార్కులు, షాపు బిల్లులు ఒక్కోటీ తీసి చూస్తూ లెక్క ఎలా నడుస్తుందో నేర్పుతారు. మెషీన్ లెర్నింగ్ ఆ తర్వాతి డిప్లొమా స్థాయిలో వస్తుంది. 2022లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవొచ్చని చెప్పాక, పొద్దున కాలేజీకి పోయి సాయంత్రం ఇది చదివే దారి మనవాళ్లకూ తెరుచుకుంది. దాన్ని యథాతథంగా కాపీ కొట్టమని అనను. మన గ్రూపు పద్ధతిలో అది పట్టదు. వరుస ఎందుకు అలా పెట్టారో మాత్రం చూడదగ్గది.

బీకాం వైపు ఇబ్బంది వేరు. ఇంటర్‌లో సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) నుంచి వచ్చిన పిల్లలు గణితం వదిలేసి రెండేళ్లు దాటి ఉంటుంది. వాళ్లకు మొదటి సెమిస్టర్‌లో ఎక్సెల్, రెండో సెమిస్టర్‌లో ఎస్‌క్యూఎల్ (డేటా పట్టికల నుంచి కావాల్సింది తీసే భాష) పెట్టి, అంకెలతో చేయి తిరిగాక ప్రతిగమనం (రిగ్రెషన్) దగ్గరికి తీసుకెళ్తే టెన్షన్ తగ్గుతుంది. తెలుగు మీడియంలో 'సంభావ్యత', 'ప్రామాణిక విచలనం' అని చదివిన పిల్లలు వాటినే ప్రాబబిలిటీ, స్టాండర్డ్ డీవియేషన్ పేర్లతో చూసి కొత్త పాఠాలనుకుని బెదిరిపోతారు. మొదటి వారంలో రెండు పేర్లూ పక్కపక్కన బోర్డు మీద రాస్తే సరిపోయే పని ఇది.

ఆ 25 శాతం పని సంగతి కూడా చెప్పాలి. డేటా కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. 'వరంగల్' అన్న ఒక్క మాట చాలు. 2011 జనగణనలో అది ఉమ్మడి జిల్లా. 2016 అక్టోబర్ 11 తర్వాత అర్బన్, రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి అయింది. చేర్యాల సిద్దిపేటకు పోయింది, కమలాపూర్ కరీంనగర్ నుంచి ఇటు వచ్చింది. 2019లో ములుగు విడిపోయింది. 2021లో అర్బన్, రూరల్ పేర్లు పోయి హనుమకొండ, వరంగల్ వచ్చాయి, కొన్ని మండలాలు అటూ ఇటూ మారాయి. ఇందులో హన్మకొండ, హనుమకొండ, హనంకొండ అని తలా ఒక స్పెల్లింగ్. పదేళ్ల జిల్లా లెక్కలు ఒక పట్టికలో పేర్చి చూడమంటే, పిల్లలు మండలం స్థాయికి దిగి మళ్లీ కూడుకుంటూ రావాలి. డేటా శుభ్రం చేయడమంటే ఏంటో ఇంతకంటే బాగా ఏ రెడీమేడ్ డేటాసెట్టూ చెప్పదు. ఈ పని రెండో సెమిస్టర్‌లోనే పెట్టొచ్చు, ఎస్‌క్యూఎల్ వస్తే చాలు.

అఫిలియేటెడ్ కాలేజీ మ్యాథ్స్ పేపర్ల వరుస మార్చలేదు, అది యూనివర్సిటీ పని. చేతిలో ఉన్నది స్కిల్ ఎన్‌హాన్స్‌మెంట్ కింద మూడో సెమిస్టర్‌లో వచ్చే రెండు క్రెడిట్ల పేపర్. వారానికి రెండు గంటలు, పదిహేను వారాలు, మొత్తం 30 పీరియడ్లు. యూనివర్సిటీ ఒప్పుకుంటే అందులో మాత్రికలు, సదిశలు, కనిష్ఠ వర్గాల పద్ధతి (డేటాకు బాగా సరిపోయే గీతను తేల్చేది) దాకా చెప్పి పిల్లలను నాలుగో సెమిస్టర్‌కు పంపొచ్చు. ఆ 30 పీరియడ్లు మ్యాథ్స్ వాళ్ల వర్క్‌లోడ్‌లో రాయాలా, డేటా సైన్స్ వాళ్ల వర్క్‌లోడ్‌లో రాయాలా అన్నది ప్రిన్సిపాల్ గదిలో తేలాలి.