ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ స్టైల్‌షీట్‌లో మెటాడేటా: అపోహలు - వాస్తవాలు

ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ అంటే ఎక్స్‌ఎంఎల్ డేటాను వేరే రూపంలోకి మార్చే భాష. ఆ భాషలో రాసిన ఫైలే స్టైల్‌షీట్, ఆ ఫైలు గురించిన వివరాలే మెటాడేటా.

అపోహ: ఎవరు రాశారు, ఎందుకు రాశారు అన్నవి కామెంట్‌లో పెడితే చాలు.

చదివేది మనిషైతే చాలు. కామెంట్‌లో ఏది పేరో, ఏది లైసెన్సో ప్రోగ్రామ్‌కు తెలిసే దారి లేదు. పైగా ఎక్స్‌ఎంఎల్ కామెంట్‌లో రెండు హైఫన్లు పక్కపక్కన రాకూడదు. కమాండ్ లైన్ ఉదాహరణ ఒకటి అతికించగానే ఫైలు పార్స్ కావడం మానేస్తుంది.

అపోహ: పరాయి ఎలిమెంట్లను, అంటే తనవి కాని వాటిని, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఒప్పుకోదు.

1999 నాటి 1.0 ప్రమాణమే ఒప్పుకుంది. డబ్లిన్ కోర్ అనే మెటాడేటా ప్రమాణంలోని టైటిల్, క్రియేటర్, రైట్స్ వంటివి మూల ఎలిమెంట్ (ఫైలంతటినీ చుట్టి ఉండేది) కింద నేరుగా పెట్టుకోవచ్చు. నేమ్‌స్పేస్ (ఎలిమెంట్ ఏ పదజాలానికి చెందిందో చెప్పే గుర్తు) మాత్రం తప్పనిసరి. 1.0, 2.0లలో ఇంపోర్ట్‌లు (వేరే స్టైల్‌షీట్లను తెచ్చే ఆదేశాలు) ముందుండాలి, మెటాడేటా వాటి తర్వాతే. 2017లో వచ్చిన 3.0 ఈ వరుస నియమాన్ని ఎత్తేసింది.

అపోహ: అలాగైతే టెంప్లేట్ (అవుట్‌పుట్ ఎలా ఉండాలో చెప్పే నియమం) లోపల కూడా పెట్టవచ్చు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. టెంప్లేట్ లోపల పరాయి ఎలిమెంట్ అంటే ప్రాసెసర్ (స్టైల్‌షీట్‌ను నడిపే ప్రోగ్రామ్) దృష్టిలో అవుట్‌పుట్‌కు పంపాల్సిన సరుకు. "ఈ లెక్క తర్వాత చూడాలి" అని మీకోసం రాసుకున్న మాట కస్టమర్ ఇన్వాయిస్‌లో అచ్చవుతుంది (ఆ తర్వాత ఎవరైనా తప్పక చూస్తారు). అక్కడ వివరం కావాలంటే ఎక్స్‌ఎస్‌ఎల్ ఎలిమెంట్‌కే సొంత నేమ్‌స్పేస్‌తో ఆట్రిబ్యూట్ తగిలించండి, అది బయటికి పోదు. మూల ఎలిమెంట్‌లో ప్రకటించిన మెటాడేటా నేమ్‌స్పేస్ మాత్రం చడీచప్పుడు లేకుండా అవుట్‌పుట్‌లోకి జారుతుంది. దాని ప్రిఫిక్స్‌ను (పొట్టి పేరును) ఎక్స్‌క్లూడ్-రిజల్ట్-ప్రిఫిక్సెస్ ఆట్రిబ్యూట్‌లో చేర్చడం మరవకండి.

అపోహ: మూల ఎలిమెంట్‌లోని వెర్షన్ మన ఫైలు వెర్షన్.

కాదు, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ భాష వెర్షన్. అక్కడ 1.3 అని రాస్తే 1.0 ప్రాసెసర్ దాన్ని భవిష్యత్తు భాషగా భావించి ఉదారంగా నడుచుకుంటుంది. పై స్థాయిలో టెంప్లేట్ అన్న పేరులో అక్షరం తప్పినా ఎర్రర్ ఇవ్వకుండా దాటవేస్తుంది. ఎర్రర్ వస్తేనే మేలనిపించే సందర్భాల్లో ఇదొకటి.

అపోహ: మెటాడేటాతో వేగం తగ్గుతుంది.

కంపైల్ చేసేటప్పుడు ఒకసారి చదివి పక్కన పెడతారు. అంతే.

అపోహ: డాక్యుమెంట్ ఫంక్షన్‌కు ఖాళీ స్ట్రింగ్ ఇస్తే అది స్టైల్‌షీట్‌నే తెరుస్తుంది కాబట్టి మన మెటాడేటా ఎప్పుడూ దొరుకుతుంది.

స్టైల్‌షీట్ ఫైలు అందుబాటులో ఉన్నంతవరకే. కంపైల్ చేసిన రూపాన్ని మాత్రమే సర్వర్‌కు పంపితే చదవడానికి అక్కడ ఫైలే ఉండదు. నడిచేటప్పుడు లాగ్‌లో కనిపించాల్సిన వెర్షన్ నంబరును గ్లోబల్ వేరియబుల్‌లో ఉంచండి. మిగతాదంతా బిల్డ్ సమయంలో డాక్యుమెంటేషన్ తయారుచేసే టూల్ చదువుకుంటుంది.