కృష్ణలో నీరు తగ్గినప్పుడు పడవ నడపడం: అపోహలు – వాస్తవాలు

పులిచింతల ఆనకట్టకూ విజయవాడ ప్రకాశం బ్యారేజీకీ మధ్య కృష్ణ సుమారు 85 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. వేసవిలో ఈ భాగంలో నీటిమట్టాన్ని నిర్ణయించేది ఎక్కువగా మనుషులే. ఎగువన ఎంత వదిలారు, దిగువన కాలువలకు ఎంత తీసుకున్నారు అన్నదాన్నిబట్టే నీరు పెరుగుతుంది, తగ్గుతుంది. ఆకాశం చూసి నదిని అంచనా వేయడం నేర్చుకున్న మన చేపల వేటగాళ్లలో ఇందువల్లనే కొన్ని నమ్మకాలు పాతుకుపోయాయి. ఇప్పుడిప్పుడే పడవ ఎక్కుతున్న పిల్లలకు అవి ప్రాణాంతకం కాగలవు కాబట్టి వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించడం అవసరం.

అపోహ: నీరు తక్కువగా ఉంటే ప్రమాదమూ తక్కువే.

ఇసుక తవ్విన చోట్ల నది అడుగు ఇప్పుడు సమంగా లేదు. మోకాలి లోతు నీటిలో నడుస్తున్న మనిషి మరుసటి అడుగుకే నిలువు లోతు గుంతలో పడవచ్చు. పైగా గుంత అంచున ఉన్న ఇసుక కాలి కింద జారిపోతుంది కనుక పైకి ఎక్కడానికి పట్టు దొరకదు. పడవ ఇసుక మేటకు తగిలి ఆగినప్పుడు తోయడానికి చటుక్కున దూకడం మనకు అలవాటు. దూకే ముందు రెండు వైపులా గెడ (పడవను తోసే పొడవాటి కర్ర) వేసి చూడాలి, దిగిన తర్వాత కూడా పడవ అంచును వదలకూడదు. ఈత వచ్చిన వారికీ ఇది వర్తిస్తుంది.

అపోహ: గేట్లు ఎత్తలేదు కనుక నీరు పెరగదు.

పులిచింతల వద్ద 30 మెగావాట్ల యూనిట్లు నాలుగు ఉన్నాయి. విద్యుదుత్పత్తి మొదలైతే గేటు ఒక్కటి కూడా కదలకుండానే నీరు దిగువకు వస్తుంది; ఉత్పత్తి ఆపితే అలాగే తగ్గిపోతుంది. అంతేకాక మున్నేరు పులిచింతలకు దిగువన కలుస్తుంది. వైరా, కట్టలేరు నీళ్లను కూడా వెంటబెట్టుకొని వచ్చే ఆ ఏటికీ పులిచింతల గేట్లకూ ఏ సంబంధమూ లేదు. ఖమ్మం వైపు కురిసిన వానకు, ఇక్కడ ఎండ కాస్తుండగానే, మన రేవులో నీరు ఎక్కవచ్చు.

పెరుగుదలను కంటితో పట్టుకోవచ్చు. ఒడ్డున ఎండి పడి ఉన్న చితుకులు, ఆకులు, నురగ నీటిపై తేలి రావడం మొదలైతే నీరు ఎక్కుతున్నట్టే. వంతెన స్తంభం మీద, ఒడ్డు ఇసుక మీద నీటికి పైన తడి చార కనిపిస్తే తగ్గుతున్నట్టు.

అపోహ: వదిలిన నీరు ఎన్ని గంటలకు వస్తుందో మాకు తెలుసు.

మనకు తెలిసిన గంటలు వరద రోజులవి. నిండుగా పారే నదిలో పెరిగిన నీరు వేగంగా దిగుతుంది; పలుచగా పారే నదిలో అడుగున ఉన్న ఇసుక రాపిడి ఆ వేగాన్ని తగ్గిస్తుంది, దారిలోని గుంతలూ మడుగులూ నిండేదాకా ముందుకు వచ్చే నీరు కొంచెమే. అందువల్ల అదే విడుదల ఒక నెలలో ఒక వేళకూ, మరో నెలలో మరో వేళకూ చేరుతుంది. ఇంకా రాలేదు కాబట్టి ఇక రాదని వలలు తీయకుండా ఉండిపోవడమే ఇక్కడ జరిగే పొరపాటు.

అపోహ: నది నడిమధ్యన లోతు ఉంటుంది.

వంపు తిరిగే చోట లోతైన పాయ బయటి ఒడ్డును ఒరుసుకొని పోతుంది, లోపలి ఒడ్డున ఇసుక తిన్నె పెరుగుతుంది. తర్వాతి వంపు రెండో వైపుకు తిరిగితే, ఆ పాయ నదిని అడ్డంగా దాటి అవతలి ఒడ్డుకు చేరుతుంది. దాటే ఆ చోటే అన్నిటికన్నా మెరక, ఎక్కువ పడవలు ఆగిపోయేదీ అక్కడే. ఎగువ నుంచి చూసినప్పుడు నీటిపై రెండు గీతలు దిగువన ఒక మొనగా కలిస్తే, వాటి నడుమ సాధారణంగా దారి ఉంటుంది. మొన మన వైపుకు, అంటే ఎగువకు తిరిగి ఉంటే దాని కింద రాయో మొద్దో పాతిన గుంజో ఉందని అర్థం. గాలి వీస్తుంటే ఈ గుర్తులన్నీ చెదిరిపోతాయి, గుర్రపుడెక్క కమ్మిన చోట అసలు కనబడవు.

అప్పుడు గెడే ఆధారం. గెడ మొన ఇసుకకు తగిలితే గరగరమని ఆగుతుంది, ఒండ్రులో దిగితే పైకి లాగేటప్పుడు పట్టి లాగుతుంది, రాతికి తగిలితే ఆ దెబ్బ అరచేతికి తెలుస్తుంది. ఒండ్రులో చిక్కిన పడవను వెనక్కు తీయవచ్చు, రాతి మీద నిలిచిన పడవను తొందరపడి లాగితే అడుగు చీలుతుంది. నిరుటి దారిని మాత్రం నమ్మరాదు. 2024 సెప్టెంబరులో బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కులు పారాయి. అంతటి వరద ఇసుకను ఉన్న చోట ఉంచదు.

అపోహ: వేగం పెంచితే మెరక దాటిపోవచ్చు.

లోతు తక్కువైన చోట వేగం పెంచితే పడవ వెనుక భాగం ఇంకా కిందకు దిగుతుంది. ప్రొపెల్లరు ఇసుకను కోస్తుంది, ఇంజను చల్లబడటానికి తీసుకునే నీటిలో ఇసుక చేరుతుంది. ఇంజను నెమ్మది చేసి, బరువును ముందుకు జరిపి, వీలైతే ఏటికి ఎదురుగా దాటాలి. అలా దాటేటప్పుడు మేట తగిలినా ప్రవాహం పడవను వెనక్కు విడిపిస్తుంది. దిగువకు పోతూ తగిలితే అదే ప్రవాహం ఇంకా పైకి ఎక్కిస్తుంది.

అపోహ: బ్యారేజీ ముందు నీరు కదలదు, గేటు కొంచెమే ఎత్తారు.

1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు ఉన్నాయి, ఎత్తిన గేటు కింద నుంచే నీరు పోతుంది. అందువల్ల పైన నీరు అద్దంలా కనిపిస్తున్నా లాగుడు అడుగున ఉంటుంది. ఎగువన 12 అడుగుల నీరు నిలిచి ఉండగా గేటు ఒక్క అడుగు ఎత్తినా, ఆ సందులో నీటి వేగం లెక్క ప్రకారం సెకనుకు 8 మీటర్లు దాటుతుంది. గేట్ల దరిదాపులకు వేటకు పోకూడదు. ఆ ప్రాంతంలో ఇంజను ఆగితే మళ్లీ మళ్లీ తిప్పుతూ కూర్చోకుండా ముందుగా లంగరు వేయాలి. అందుకే లంగరు తాడు ఎప్పుడూ చిక్కు లేకుండా చుట్టి సిద్ధంగా ఉంచాలి.

అపోహ: ఒడ్డుకు బిగించి కట్టిన పడవ భద్రం.

రాత్రి నీరు తగ్గితే ఏటవాలు ఒడ్డున కట్టిన పడవ ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది. తెల్లవారుజామున నీరు మళ్లీ పెరిగితే, అది లేవకముందే కింద ఉన్న అంచు మీదుగా నీరు లోపలికి వస్తుంది. బిగుతైన తాడు పడవను లేవనివ్వదు. మొల లోతు నీటిలో, సమంగా ఉన్న చోట, ముందూ వెనుకా రెండు తాళ్లతో తగినంత వదులు ఇచ్చి కట్టాలి. పడుకునే ముందు నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, నడిరాత్రి మెలకువ వచ్చినప్పుడు టార్చిలైటు వేసి దాన్ని చూసుకోవాలి.