ఎగ్జిబిట్ డిజైన్ చదువు: మా సిరొంచ పిల్లలు అడిగే ప్రశ్నల్లోని అపోహలు, వాస్తవాలు

మాది సిరొంచ, గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొస. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ, సంతలో ఆ రెండూ, వాటితోపాటు గోండీ. మ్యూజియంలకు, సైన్స్ సెంటర్లకు ఎగ్జిబిట్లు, అంటే వచ్చినవాళ్లకు చూపించే ప్రదర్శనలు, డిజైన్ చేయడం నా వృత్తి. ఏటా ఒక సెమిస్టర్ ఇదే సబ్జెక్టు కాలేజీలో చెబుతాను. సెలవులకు ఊరొస్తే పన్నెండో తరగతి పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

అపోహ: ఇది షామియానా, స్టాల్ డెకరేషన్ పనే కదా. దానికి నాలుగేళ్ల చదువెందుకు?

వాస్తవం: డెకరేషన్ చేసేవాళ్ల చేతిపని నుంచి నేను చాలా నేర్చుకున్నాను. కానీ మా పని ఇంకో చోట మొదలవుతుంది. లోపలికొచ్చిన మనిషి బయటికెళ్లేటప్పుడు ఏం అర్థం చేసుకుని వెళ్లాలి? క్లాసులో మొదటి పని దాన్ని ఒక్క వాక్యంలో రాయడమే. "మా తాలూకాలో దొరికిన డైనోసార్లు" అని రాస్తే అది వాక్యం కాదు, శీర్షిక. "మనం ఇప్పుడు నడుస్తున్న నేల మీదే ఒకప్పుడు డైనోసార్లు తిరిగాయి" అంటే వాక్యం. గోడ ఎక్కడుండాలి, ఏ బొమ్మ ముందు రావాలి, ఏది తీసేయాలి అన్నవన్నీ ఆ వాక్యాన్ని బట్టే తేలతాయి. దాని కోసం పిల్లలు రెండు వారాలు తల బద్దలు కొట్టుకుంటారు. అయినా నేను తొందరపెట్టను.

అపోహ: సైన్స్ గ్రూపు ఉండాలి, బొమ్మలు బ్రహ్మాండంగా రావాలి.

వాస్తవం: అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో ఎగ్జిబిషన్ డిజైన్ ఒక ప్రత్యేక విభాగం. అక్కడి బీడిజైన్ డిగ్రీకి పన్నెండో తరగతి ఏ గ్రూపుతో చదివినా ప్రవేశ పరీక్ష రాయొచ్చు. బొమ్మ అందంగా ఉండక్కర్లేదు, మీ ఆలోచన పక్కవాడికి తెలిస్తే చాలు.

అపోహ: కంప్యూటర్లో ప్లాన్లు గీసే స్కెచప్, ఆటోక్యాడ్ వస్తే పనొచ్చినట్టే.

వాస్తవం: అవి కావాలి, నేర్పిస్తాం కూడా. అయితే స్క్రీన్ మీద గది ఎప్పుడూ ఖాళీగా, విశాలంగా కనిపిస్తుంది. అందుకే ముందు ఫోమ్ బోర్డుతో 1:20 కొలతలో, అంటే అసలు గదికి ఇరవయ్యో వంతులో, మోడల్ కట్టిస్తాను. అట్టతో మనుషుల్ని కూడా కత్తిరించమంటాను. నిలబడినవాళ్లు, బిడ్డను ఎత్తుకున్న తల్లి, వీల్‌చైర్‌లో ఉన్న తాత, యాభై మంది బడిపిల్లలు, వాళ్లతో ఒకే ఒక్క టీచర్. ఈ యాభై మందిని లోపల పెట్టగానే అందమైన ప్లాన్ సగం కూలిపోతుంది. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలప్పుడు ఘాట్ మెట్ల మీద మనం చూసిన తోపులాటను గుర్తు తెచ్చుకోండి. దిగే దారి, ఎక్కే దారి ఒకటే అయితే ఏమవుతుందో మన ఊరి పిల్లలకు చెప్పక్కర్లేదు. ఆ తెలివి కాలేజీలో చాలా పనికొస్తుంది.

అపోహ: సమాచారం ఎంత ఎక్కువ రాస్తే అంత మంచిది.

వాస్తవం: మా రంగానికి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిన నమ్మకం ఇదే. బోస్టన్ మ్యూజియంలో పనిచేసిన గిల్మన్ 1916లోనే ఒక మనిషి చేత అద్దాల బీరువాల్లోని వస్తువులు చూడమని, లేబుళ్లు చదవమని చెప్పి ఫొటోలు తీయించాడు. ఆ మనిషి ఒకచోట నడుం వంచాడు, ఒకచోట గొంతుక్కూర్చున్నాడు, ఒకచోట మెడ నిక్కించాడు. 'మ్యూజియం అలసట' అన్న మాటను గిల్మన్ అప్పుడే వాడాడు. 1990ల్లో అమెరికాలో బెవర్లీ సెరెల్ అనే మ్యూజియం పరిశోధకురాలు వందకు పైగా ప్రదర్శనల్లో సందర్శకుల లెక్కలు పోగుచేస్తే, చాలామంది 20 నిమిషాల్లోపే బయటికొచ్చేస్తున్నారని తేలింది. ఆ 20 నిమిషాల్లో మీ పేరాలన్నీ ఎవరు చదువుతారు?

ఒకసారి మా ఊళ్లోనే పరీక్ష పెట్టాం. నా స్టూడెంట్ ఒకమ్మాయి రాసిన లేబుళ్లను మామూలు కాగితాల మీద ప్రింట్ తీసి, ఒక బడి వరండా గోడకు టేపుతో అంటించాం. తెలుగు, మరాఠీ రెండూ ఒకే సైజులో. ఒక అవ్వ వచ్చి తెలుగు లేబుల్ మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. 'అస్థిపంజరం' దగ్గర వేలు ఆగిపోయింది. ఆ స్థి కింది భాగం నలిగి, కింది వరుసలోని గుడికి తగులుతోంది. మరాఠీకి సరిపోయిన వరుసల ఎడం తెలుగు వత్తులకు సరిపోలేదు. అవ్వ తలెత్తి, "బిడ్డా, ఇది బొక్కలదా?" అంది. మావైపు బొక్కలంటే ఎముకలు. ఆ సాయంత్రం నా స్టూడెంట్ వరుసల మధ్య ఎడం పెంచింది, అక్షరం పెద్దది చేసింది, 'అస్థిపంజరం' కొట్టేసి 'బొక్కల గూడు' అని రాసింది. తొంభై మాటలున్న లేబుల్ ముప్పైకి దిగింది. మర్నాడు అదే అవ్వ మనవణ్ని పక్కన నిలబెట్టుకుని పైకి చదివి వినిపించింది. ఇంత నేర్పిన ఆ పరీక్షకు అయిన ఖర్చు కాగితాలు, ఒక టేపు చుట్ట.

కాగితం అంటించేటప్పుడు ఎత్తు కూడా చూసుకోండి. గోడ లేబుల్ మధ్యభాగం నేల నుంచి దాదాపు 150 సెంటీమీటర్లు ఉంటే నిలబడిన పెద్దవాళ్లకు సరిపోతుంది. పిల్లలకు, కూర్చున్నవాళ్లకు ఇంకా కిందికి దించాలి.

అపోహ: అసలు వస్తువు మన దగ్గర లేకపోతే చూపించడానికి ఏమీ లేనట్టే.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. మన తాలూకాలోని పోచంపల్లి దగ్గర దొరికిన దాదాపు 300 ఎముకల నుంచే బరాపాసారస్ అనే డైనోసార్ లోకానికి తెలిసింది. అందులో తొడ ఎముకే మనిషంత ఎత్తు. 'పెద్ద కాలు' అని అర్థం వచ్చేలా దానికి 1975లో పేరు పెట్టారు, రవీంద్రనాథ్ టాగోర్ పేరు కూడా జోడించారు. ఆ అస్థిపంజరం కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. మన కోట ఊరి పేరు మోసే కోటాసారస్ హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. అసలు ఎముకలు ఇక్కడ లేవన్నది నిజమే. కానీ బరాపాసారస్ దొరికిన నేల ఇక్కడే ఉంది, అది కోల్‌కతాలో దొరకదు. అచ్చు తీసి చేసిన నమూనా ఎముక పక్కన పిల్లాణ్ని నిలబెట్టి, "నువ్వు దీని మోకాలి దాకా వస్తావా?" అని అడగండి. అసలు ఎముకను ఎవరూ ముట్టనివ్వరు. నమూనా అయితే వాడు చేత్తో తడిమి చూసుకుంటాడు. అది నమూనా అని లేబుల్ మీద తప్పకుండా రాయాలి.

అపోహ: లైట్లు, టచ్ స్క్రీన్లు ఉంటేనే 'అనుభవం'.

వాస్తవం: పాత బట్టలకు, కాగితాలకు 50 లక్స్ (లక్స్ అంటే వెలుగు కొలత) మించి వెలుగు పడకూడదన్నది సాధారణ నియమం. వెలిసిన రంగు తిరిగి రాదు. ఇక టచ్ స్క్రీన్ అంటారా, కరెంటు పోతే అది నల్లటి పలకే. తిప్పే చక్రం, తెరిచే తలుపు పాడైతే ఊళ్లో వడ్రంగి బాగుచేస్తాడు.

అపోహ: చదివినా మనవైపు పనుండదు.

వాస్తవం: సిరొంచలోనే ఉద్యోగం దొరుకుతుందని చెప్పను, ఊరు దాటాలి. నాగపూర్‌లోని రామన్ సైన్స్ సెంటర్ లాంటివాటిని నడిపే నేషనల్ కౌన్సిల్ ఆఫ్ సైన్స్ మ్యూజియమ్స్ తన ఎగ్జిబిట్లు తానే డిజైన్ చేసి తయారుచేస్తుంది. ప్రైవేటు స్టూడియోలున్నాయి, కంపెనీల షోరూమ్‌లున్నాయి. మొదటి రెండేళ్లు జీతం తక్కువే, ఈ సంగతి ఇంట్లో ముందే చెప్పుకోండి. ఇంటర్వ్యూకొచ్చిన పోర్ట్‌ఫోలియోలో, అంటే చేసిన పనుల ఫైలులో, నేను ముందు వెతికేది రంగురంగుల త్రీడీ బొమ్మలు కాదు. ఆ అవ్వ వేలు ఆగిన చోట పెన్నుతో గీత పెట్టిన కాగితం లాంటిది ఒక్కటి ఉందా అని చూస్తాను.