లైవ్‌లో లిప్ సింక్ తప్పితే నెట్ ప్లాన్ మార్చకండి

లైవ్ మొదలైన కాసేపటికే కామెంట్లలో ఫిర్యాదు కనిపిస్తుంది: "మాట ముందొస్తోంది, పెదవులు తర్వాత కదులుతున్నాయి." కార్యక్రమం నడుస్తుండగా ఈ మాట చూసినవాళ్లకు చెమటలు పట్టడం సహజం. ఆ కంగారులో చెవిన పడే మొదటి సలహా నమ్మేస్తారు. ఆ సలహా ఎప్పుడూ ఒకటే.

అపోహ: నెట్ స్లో అవ్వడం వల్ల సింక్ పోతుంది.

ఎక్కువమంది చేత అనవసరంగా డబ్బు ఖర్చు పెట్టిస్తున్నది ఈ మాటే. ప్లాన్ పెంచుతారు, రౌటర్ మారుస్తారు, బిట్‌రేట్ సగానికి తగ్గించి వీడియో పాడు చేసుకుంటారు. సింక్ మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

ఎందుకంటే ప్రతి వీడియో ఫ్రేముకీ, ప్రతి ఆడియో ముక్కకీ మీ కంప్యూటర్‌లోనే టైమ్‌స్టాంప్, అంటే ఏ క్షణానిదో చెప్పే గుర్తు, పడిపోతుంది. దారిలో ఎంత ఆలస్యమైనా, చూసేవాళ్ల ప్లేయర్ ఆ టైమ్‌స్టాంపుల ప్రకారమే రెండింటినీ జత చేస్తుంది. అప్‌లోడ్ చాలకపోతే బఫరింగ్ వస్తుంది, ఫ్రేములు పోయి వీడియో కుదుపులు కుదుపులుగా ఆడుతుంది. లైవ్ అంతా ఒకే తేడాతో మాట ముందుండటం మాత్రం నెట్ పని కాదు. నమ్మకం కుదరకపోతే, స్ట్రీమ్ చేస్తూనే అదే కంప్యూటర్‌లో రికార్డింగ్ కూడా పెట్టండి. ఆ ఫైల్‌లోనూ అదే తేడా ఉంటే, గొడవ నెట్ దాకా వెళ్లకముందే జరిగిందన్నమాట.

తేడా పుట్టేది కెమెరా దారిలో. సెన్సర్ చదవడం, కెమెరా లోపలి ప్రాసెసింగ్, హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్, కెమెరా వీడియోని కంప్యూటర్‌లోకి తెచ్చే క్యాప్చర్ కార్డ్, మధ్యలో కెమెరాలు మార్చే వీడియో స్విచర్ ఉంటే అదీ, ఇలా ఒక్కోచోట కొంత ఆలస్యం పోగవుతుంది. మైక్ సౌండ్ మాత్రం మిక్సర్ మీదుగా కొద్ది మిల్లీసెకండ్లలోనే కంప్యూటర్‌కి చేరిపోతుంది. అందుకే మాట ముందు, మనిషి వెనక.

పైగా ఈ తేడానే మనం అస్సలు భరించలేం. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లే వెళ్తుంది కాబట్టి, 10 మీటర్ల దూరంలోని మనిషి మాట 29 మిల్లీసెకండ్లు ఆలస్యంగానే చేరుతుంది. ఆలస్యంగా వినడం మనకు పుట్టినప్పటి నుంచీ అలవాటు, ముందుగా వినడం ప్రకృతిలో లేదు. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ఇచ్చిన బీటీ.1359 సిఫార్సు లెక్క కూడా ఇదే చెబుతుంది: ఆడియో 45 మిల్లీసెకండ్లు ముందుంటేనే తెలిసిపోతుంది, వెనకబడితే 125 దాకా తెలియదు.

కాబట్టి చేయాల్సింది ఆడియోని ఆపి పంపడం. ఎంత ఆపాలో ఊహించకండి, కొలవండి.

మైక్‌కి అర మీటరు దూరంలో, చేతులు కెమెరాకి స్పష్టంగా కనిపించేలా మూడుసార్లు చప్పట్లు కొట్టి రికార్డ్ చేయండి. షటర్ 1/60 సెకను కంటే నెమ్మదిగా ఉంటే చేతులు చెదిరిపోయి కలిసిన క్షణం తెలియదు. ఫైల్‌ని ఎడిటర్‌లో తెరిచి వేవ్‌ఫామ్ (సౌండ్‌ని గీతలా చూపే బొమ్మ) బాగా జూమ్ చేయండి. సౌండ్ గీత నిటారుగా లేచింది 108వ ఫ్రేములో, అరచేతులు కలిసింది 112వ ఫ్రేములో అనుకుందాం. తేడా 4 ఫ్రేములు. 30 ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకు 30 ఫ్రేములు) ఫ్రేముకి 33.3 మిల్లీసెకండ్లు, అంటే 133. 25 ఎఫ్‌పీఎస్ అయితే ఫ్రేముకి 40, అంటే 160. లైవ్ పంపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్ తెరిచి, మైక్ వరసలో సింక్ ఆఫ్‌సెట్ దగ్గర ఆ అంకె వేయండి. ప్లస్ అంకె ఆడియోని ఆలస్యం చేస్తుంది. మళ్లీ చప్పట్లు కొట్టి సరిచూడండి.

మైక్‌కి మాత్రమే వేయండి. కంప్యూటర్‌లోంచి ప్లే చేసే క్లిప్పుల ఆడియోకి కూడా అదే అంకె వేస్తే, బాగున్నవి చెడిపోతాయి. రెండు కెమెరాలుంటే ఆలస్యం ఎక్కువున్న దానికి రెండోదాన్ని డిలే ఫిల్టర్‌తో సమం చేసి, ఆ తర్వాతే మైక్ సంగతి చూడండి. కెమెరాలో రిజల్యూషన్, ఫ్రేమ్ రేట్, స్టెబిలైజేషన్ ఏది మార్చినా పాత అంకె మీద భరోసా పెట్టుకోవద్దు.

చప్పట్లు కొట్టే వీలు లేకపోతే ప, బ, మ గమనించండి. పెదవులు కలవందే ఈ అక్షరాలు పలకలేం. "అమ్మ" అన్న మాట వినిపిస్తున్నప్పుడు పెదవులు ఇంకా తెరిచే ఉన్నాయంటే ఆడియో ముందుందని అర్థం.

అపోహ: లో లేటెన్సీ మోడ్ పెడితే సింక్ కుదురుతుంది. కుదరదు. లైవ్ ఎన్ని సెకన్లు వెనక వెళ్తోందన్నది వేరు, ఆడియో వీడియోల మధ్య తేడా వేరు.

అపోహ: బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో విని చెప్పేయొచ్చు. బ్లూటూత్ సొంతంగా 100 మిల్లీసెకండ్లకు పైగా కలిపేయగలదు. వైర్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ప్రివ్యూని కాకుండా రికార్డయిన ఫైల్‌నే చూడండి.

అపోహ: ఒకసారి సెట్ చేస్తే చివరిదాకా అలాగే ఉంటుంది. మొదట బాగుండి గంట తర్వాత తప్పుతోందంటే అది ఆఫ్‌సెట్ కాదు, డ్రిఫ్ట్. మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ క్లాక్, వీడియో క్లాక్ వేర్వేరుగా నడుస్తున్నాయి. రెండింటి మధ్య 50 పీపీఎమ్ (పది లక్షలకి 50 వంతుల) తేడా ఉండి, సాఫ్ట్‌వేర్ దాన్ని సర్దలేకపోతే గంటకి 180 మిల్లీసెకండ్లు జరుగుతుంది. అప్పుడు ఎంత ఆఫ్‌సెట్ వేసినా కాసేపే నిలుస్తుంది. ఇంటర్‌ఫేస్, విండోస్ సౌండ్ సెట్టింగ్, ఓబీఎస్ మూడింటినీ 48 కిలోహెర్ట్జ్‌కి తెండి. అయినా జరుగుతుంటే మిక్సర్ అవుట్‌పుట్‌ని కెమెరా ఆడియో ఇన్‌పుట్‌కే ఇచ్చేయండి. రెండూ ఒకే హెచ్‌డీఎమ్‌ఐలో కలిసి వస్తాయి కాబట్టి విడిగా జరిగే వీలుండదు. మిక్సర్ నుంచి వచ్చే బలమైన లైన్ లెవెల్ సిగ్నల్‌ని మైక్ ఇన్‌పుట్‌లోకి నేరుగా పెడితే సౌండ్ పగిలిపోతుంది, మధ్యలో సిగ్నల్‌ని తగ్గించే అటెన్యుయేటర్ పెట్టండి. ఇలా మార్చాక ఓబీఎస్‌లో పాత మైక్ సోర్స్‌ని మ్యూట్ చేయండి, లేకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది.